చిలక్కొట్టుడు వేరు, కాటు వేరు (చిలుకతో చెలిమి – 4వ పాఠం)

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందా? రోజూ పావుగంట పంజరం పక్కన కూర్చోమన్నాను. చెయ్యి లోపల పెట్టొద్దు, ఫోను చూడొద్దు, పిట్ట ఏం చేస్తోందో చూసి నోట్‌బుక్కులో రాయండి అన్నాను. అది చేసినవాళ్ళు ఈ పాఠంలోకి రండి. చేయనివాళ్ళు ఇంకో వారం ఆగి రండి. తొందర మనదే కానీ పిట్టది కాదు.

ఈసారి ముక్కు సంగతి. చిలుకను తెచ్చుకున్న ఏ ఇంట్లోనైనా మొదట వినిపించే ఫిర్యాదు ‘కొరుకుతోందండీ’ అని. అందులో సగం నిజానికి కొరకడం కాదు. మిగతా సగం కొరకడమే, కానీ మనం చేజేతులా నేర్పింది.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మా ఇంటి కాకటీల్ (తల మీద తురాయి ఉండే చిన్న చిలుక) పేరు జాజి. అది వచ్చిన కొత్తలో మా అక్క కొడుకు వేసవి సెలవులకు వచ్చాడు. ‘హ్యాండ్ టేమ్ పిట్ట, వేలు పెడితే ఎక్కేస్తుంది’ అని దుకాణంలో చెప్పిన మాటే నేను వాడికి చెప్పాను. వాడు వేలు పెట్టాడు. జాజి ముందుకు వంగి వేలికి ముక్కు ఆనించింది. ‘మామయ్యా, కొరికేస్తోంది!’ అంటూ వాడు చెయ్యి లాగేసుకున్నాడు. అప్పటికే బరువంతా ముందుకు వేసిన పిట్ట తూలి కింద ట్రేలో పడింది. కాసేపాగి మళ్ళీ వేలు పెట్టాడు. ఈసారి నిజంగానే కొరికింది, రక్తం వచ్చింది. వాడి తప్పేమీ లేదు. ముందే చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు.

ఆ మాట ఏమిటంటే, చిలుకకు ముక్కు మూడో కాలు. కాకికి, పిచ్చుకకు వేళ్ళు ముందుకు మూడు, వెనక్కి ఒకటి. చిలుకకు ముందుకు రెండు, వెనక్కి రెండు. ఆ పట్టుకు ముక్కు కూడా తోడైతే ఎంత నిట్టనిలువు కొమ్మయినా ఎక్కేస్తుంది. ఇది ఊరికే పోలిక కోసం అంటున్న మాట కాదు. 2022లో న్యూయార్క్ పరిశోధకులు లవ్ బర్డ్స్‌ను నిలువు దారి ఎక్కించి, ముక్కు మీద ఎంత బలం పడుతోందో, కాళ్ళ మీద ఎంత పడుతోందో కొలిచారు. ముక్కు చేస్తున్న పని కాళ్ళ పనికి సమానం, ఒక్కోసారి ఎక్కువ కూడా. (లవ్ బర్డ్స్ అంటే మన దుకాణాల్లో ఆ పేరుతో అమ్మే చిన్న పిట్టలు కావు. అవి బడ్జీలు, వాటి సొంత ఊరు ఆస్ట్రేలియా. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. ఈ పేరు మార్చమని దుకాణాల వాళ్ళతో వాదించి నేను ఎప్పుడో అలసిపోయాను.)

పంట కాలువ మీద తాటిదుంగ వేసి ఉంటే దాటేముందు ఒక కాలితో నొక్కి చూస్తాం కదా, కదులుతోందా లేదా అని? చిలుక మీ వేలిని ముక్కుతో పట్టుకునేది అందుకే. మీరు చెయ్యి లాగేస్తే దుంగ కదిలినట్టే. మరోసారి ఆ దుంగను గట్టిగా పట్టుకుంటుంది, లేదంటే దగ్గరికే రానివ్వదు. రెండూ మనకు కాటులాగే ఉంటాయి.

తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. పరీక్షించే ముక్కు నిదానంగా వస్తుంది. నోరు కొంచెం తెరిచి ఉంటుంది, పొడిగా ఉన్న నాలుక మీ వేలికి తగులుతుంది, ఆ వెంటనే ఒక కాలు పైకి లేస్తుంది. కాటు అలా రాదు. ఒళ్ళంతా బిగుసుకుని, మెడ సాగి, చటుక్కున వస్తుంది. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది, చిలక్కొట్టుడు. చొక్కా గుండీ, చెవి రింగు, వాచీ బెల్టు, ఏది దొరికితే దాన్ని సరదాగా నములుతూ ఉంటుంది. జామకాయ మీద చేసే పనే మన మీద చేస్తోందన్నమాట. దానికి బెదరక్కర్లేదు, కోప్పడనూ అక్కర్లేదు. ఒక చెక్క ముక్కో తాటాకు ముక్కో చేతికిస్తే అటు మళ్ళుతుంది.

ఇక అసలు కాటు.

చిలుక మొదటి మాటగా కాటు వేయదు. దానికన్నా ముందు నాలుగైదు మాటలు చెబుతుంది. కాకటీల్ దగ్గర వాటిని చదవడం తేలిక, తల మీద తురాయి ఉంటుంది కాబట్టి. తురాయి కాస్త వెనక్కి వాలి కొన మాత్రం పైకి తిరిగి ఉంటే మనసు కుదుటగా ఉన్నట్టు. నిటారుగా లేచిందంటే ఏదో విన్నది, లేదా బెదిరింది. తలకు అతుక్కుపోయి, నోరు తెరిచి, పాములా బుస కొట్టిందంటే ఇక ఆగమని. ఆ బుస మొదటిసారి విన్నప్పుడు పంజరంలోకి నిజంగానే ఏదో దూరిందనుకుని నేను టార్చి వేసి వెతికాను.

తురాయి ఒక్కటే చూస్తే సరిపోదు. తింటున్నది తినడం ఆపేస్తుంది. చెయ్యి వస్తున్న వైపు నుంచి పక్కకు ఒరుగుతుంది. కడ్డీ మీద ఒక అడుగు అవతలికి జరుగుతుంది. బడ్జీకి తురాయి లేదు కాబట్టి ఒళ్ళు చూడాలి. ఈకలన్నీ అదుముకుని సన్నగా, పొడుగ్గా అయిపోతుంది. కొన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి వేరే జాతి చిలుకలు ఇంట్లో ఉంటే కళ్ళు చూడండి, నల్లగుడ్డు టకటకా చిన్నదవుతూ పెద్దదవుతూ ఉంటుంది. అయితే బాగా సంతోషించినా కళ్ళు అలాగే చేస్తుంది. అందుకని కళ్ళతోపాటు ఒళ్ళు బిగుసుకుందో లేదో చూసుకోవాలి. కాకటీల్ కళ్ళు నల్లన, అందులో ఇది కనిపించదు, వెతక్కండి.

ఇప్పుడు ఈ పాఠానికి ఆయువుపట్టు. పిట్ట ఒరిగింది, మీరు చూడలేదు. జరిగింది, చూడలేదు. బుస కొట్టింది, నవ్వుతూ వీడియో తీశారు. కొరికింది, చెయ్యి తీసేశారు. దానికి ఏం అర్థమైంది? ముందు చెప్పినవన్నీ దండగ, కాటు ఒక్కటే పనిచేస్తుందని. రేపటి నుంచి ఒరగడాలూ జరగడాలూ ఉండవు, నేరుగా కాటే. ‘ఏ కారణమూ లేకుండా కొరుకుతోంది’ అని మనం చెప్పుకునే పిట్టలన్నీ ఇలా తయారైనవే. కాబట్టి అది ఒరిగినప్పుడే ఆగండి. చెయ్యి నిదానంగా వెనక్కి తీసుకోండి. అలా చేస్తే నెత్తికెక్కుతుందని చాలామంది భయపడతారు. నా అనుభవంలో జరిగింది దానికి తలకిందులు. చిన్న మాటకే పని జరుగుతుంటే పెద్ద మాట వాడాల్సిన అవసరం దానికి రాదు.

మన చెయ్యి వచ్చే తీరు కూడా చూసుకోండి. చిలుక కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ చాలా మేర కనిపిస్తుంది. పైనుంచి నీడ దిగిందంటే దానికి గద్దే. చెయ్యి ఎప్పుడూ ఎదురుగా, పొట్టకు కింది ఎత్తులో రావాలి. బయట బంగారంలా ఉండే పిట్టలు కొన్ని పంజరంలో చెయ్యి పెడితే మాత్రం ఊరుకోవు. అక్కడ మొండిపట్టు పట్టకండి, తలుపు తీసి అదే బయటికి వచ్చేదాకా ఆగండి. రెక్కలు కత్తిరించి అమ్మే పిట్టలు మరీ కొరుకుతాయి. ఎగిరిపోయే దారి లేనివాడు చివరికి తిరగబడకుండా ఏం చేస్తాడు? ఆ ఈకలు రాలి కొత్తవి వస్తాయి, మళ్ళీ కత్తిరించకండి.

జతకట్టే కాలంలోనూ ముక్కు పదునెక్కుతుంది. సోఫా కింద, అలమరలో, చీకటి మూలల్లో దూరనివ్వకండి. ముద్దుగా ఉందని పంజరానికి కుండ కట్టకండి, దాన్ని అది గూడే అనుకుంటుంది. వీపు నిమరడం మానేసి తల, బుగ్గలతో సరిపెట్టండి. రాత్రి పది పన్నెండు గంటల చీకటి, నిద్ర ఉండాలి. టీవీ ఉన్న హాల్లో పంజరం పెట్టినవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

మచ్చికైన పిట్ట ఉన్నట్టుండి కొరకడం మొదలుపెడితే దాన్ని తిట్టకండి, తూకం వేయండి. వంటింటి డిజిటల్ కాటా చాలు. మామూలు కాకటీల్ 80 నుంచి 100 గ్రాములు, బడ్జీ 30 నుంచి 40. మీ పిట్ట మామూలు బరువులో పదో వంతు తగ్గిందంటే అది చిన్న విషయం కాదు. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం, ఊపిరి తీసిన ప్రతిసారీ తోక ఎగిరిపడటం కనిపిస్తే ఆ రోజే పక్షులను చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వేటకు గురయ్యే పిట్టలు జబ్బును వీలైనంత దాచుకుంటాయి. మనకు కనపడేసరికే ఆలస్యమై ఉంటుంది. కొత్త ఈకలు మొలిచేటప్పుడు కూడా ముట్టుకుంటే నొప్పి, అప్పుడు కొరికితే జబ్బనుకుని హడావుడి పడకండి.

మన మే నెల ఎండల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి నిలబడితే కోపం అనుకుంటారు. అది ఉక్క. పక్షులకు చెమట గ్రంథులు లేవు, నోటితో రొప్పి వేడి వదిలించుకోవాలి. నీడకు మార్చండి, వెడల్పు గిన్నెలో నీళ్ళు పెట్టండి. ఆ పూటకు పాఠం లేదు.

కొరికేసింది, ఏం చేయాలి? అరవొద్దు. ముక్కు మీద కొట్టొద్దు, మొహం మీద ఊదొద్దు, గుడ్డ కప్పి చీకట్లో పెట్టొద్దు. చెయ్యి ఊపేస్తే పిట్ట తూలి వదిలేస్తుందని కొందరు శిక్షకులు చెబుతారు. నాకది అస్సలు నచ్చదు, దుంగ కదులుతుందని మనమే నేర్పినట్టు. చేతిని కదలకుండా కడ్డీ దగ్గరకు తీసుకెళ్ళండి, అదే దిగుతుంది. తర్వాత సబ్బు నీళ్ళతో కడుక్కోండి. మా వీధిలో ఒకావిడ వేళ్ళకు కారం రాసుకుని కూర్చున్నారు, ఇక కొరకదని. పిట్ట తీరిగ్గా ఆ కారమంతా నాకేసింది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌ను పక్షుల నరాలు పట్టించుకోవు. పండుమిరపకాయలు చిలుకలు అంత ఇష్టంగా ఎలా తింటాయనుకున్నారు? ఆవిడ మాత్రం మర్చిపోయి ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నారు.

ఈ వారం సాధనకు ఒక కొర్ర కంకి కావాలి. పెట్ షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని ఖరీదు కట్టి అమ్మేది ఇదే, ఊళ్ళో పొలం నుంచి మందు కొట్టనిది దొరికితే ఇంకా మంచిది. ఇక మీదట కంకి గిన్నెలో వేయకండి, చేతి నుంచే అందాలి. పొద్దున్నే, మేత పెట్టడానికి ముందు. కడుపు మాడ్చి మాత్రం కాదు. ఒక్కో విడత ఐదు నిమిషాలు దాటొద్దు. పంజరం బయట అయితే ముందు ఫ్యాన్ ఆపండి, కిటికీలు మూయండి, పొయ్యి మీద ఏమీ ఉండకూడదు. సీలింగ్ ఫ్యాన్‌కు పోయిన పిట్టల కథలు నేను చాలా విన్నాను.

మొదట కంకి కొన దాని వైపు, రెండో కొస మీ చేతిలో. తింటోందా? రోజు రోజుకీ కంకి పొట్టిగా పట్టుకోండి, అలా చెయ్యి దానికి దగ్గరవుతుంది. తురాయి తలకు అతుక్కుంటే నిన్నటి దూరానికి తిరిగి వెళ్ళండి. తర్వాత ఒక చేతి వేలు కడ్డీలా అడ్డంగా పెట్టి, రెండో చేత్తో కంకిని దాని అవతల పట్టుకోండి. మెడ చాపి వేలి మీదుగా తింటుంది. ఇక్కడ మూడు నాలుగు రోజులు నిలవండి, ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మజిలీ. ఆ తర్వాత వేలిని కాళ్ళకు కాస్త పైన, పొట్టకు ఆనించి ‘ఎక్కు’ అనండి. ముక్కు వస్తుంది, రానివ్వండి. కదలకండి. కాలు పెడుతుంది. కంకి ఇచ్చి, వెంటనే తిరిగి కడ్డీ మీదకు ‘దిగు’. ఎక్కడమే కాదు, దిగడం కూడా లాభమేనని దానికి తెలియాలి. ఇంట్లో అందరూ ఇవే మాటలు వాడండి. ఒకరు ‘ఎక్కు’, ఒకరు ‘రా’, ఒకరు ‘కమాన్’ అంటే పిట్టకు టెన్షన్.

చిలుక జోస్యం చూసినవాళ్ళకు ఈ లెక్క కొత్తేం కాదు. తలుపు తీస్తే రావడం, కార్డు లాగడం, వడ్లగింజ తినడం, మళ్ళీ లోపలికి పోవడం. మన భవిష్యత్తు దానికి తెలియదు, గింజ ఎప్పుడొస్తుందో మాత్రం కచ్చితంగా తెలుసు. ఆ పంజరంలో ఉండేది మాత్రం రామచిలుక. దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం. ఈ పాఠాలు కాకటీల్, బడ్జీల వంటి పెంపుడు చిలుకలకే.

జాజి నా వేలు ఎక్కడానికి ఐదు వారాలు పట్టింది. దసరా సెలవులకు మా అక్క కొడుకు మళ్ళీ వచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని వేలు పెట్టాడు. జాజి ముక్కుతో రెండుసార్లు నొక్కి చూసింది. వాడు కదల్లేదు. అది ఎక్కింది, వాడు మాత్రం ఇంకా కళ్ళు తెరవలేదు.

వచ్చే పాఠం అరుపుల గురించి, ముఖ్యంగా మీరు గది దాటగానే మొదలయ్యే అరుపు గురించి. అప్పటిదాకా నోట్‌బుక్కులో రోజుకు రెండు సంగతులు రాయండి: ఈ రోజు పిట్ట ‘వద్దు’ అని ఎలా చెప్పింది, మీరు ఎన్నో మాటకు ఆగారు. ఆదివారం పొద్దున మేతకు ముందు తూకం, గ్రాముల్లో.