చిన్న దొడ్డి పాఠాలు – 4: కింది రెప్ప తిప్పి చూడడం

పోయిన పాఠంలో థర్మామీటర్ పెట్టడం నేర్చుకున్నాం. మేకకు 102, 103 డిగ్రీలు మామూలేనని తెలిసి కొందరికి టెన్షన్ తగ్గే ఉంటుంది. ఈసారి కొనాల్సిందేమీ లేదు. రెండు బొటనవేళ్ళు, పగటి వెలుతురు, ఒక నోటుబుక్కు చాలు. నేర్చుకునే పని ఒక్కటే: గొర్రెదో మేకదో కింది రెప్ప తిప్పి, లోపలి రంగు చూసి, దానికి నట్టల (కడుపులో పురుగుల) మందు పోయాలా వద్దా తేల్చుకోవడం.

ముందు నా సంగతి చెబుతాను. బెంగళూరు దగ్గర దొడ్డబళ్ళాపుర రోడ్డుకు లోపలగా రెండెకరాల్లో పదహారు జీవాలు, రెండు ఆవులు పెట్టుకున్న కొత్తలో నాకు తెలిసిన పశువైద్యమంతా గోడమీది క్యాలెండరే. రెండు నెలలకోసారి ఆదివారం పొద్దున అన్నింటినీ దొడ్డిలో నిలబెట్టి, ఒకే మందు తలా ఇంత పోసేసేవాణ్ణి. ఏడాదిన్నర బాగానే నడిచింది. ఆ తర్వాతి వానాకాలంలో, మందు పోసి రెండు వారాలైనా కాకముందే, ఒక చూడి గొర్రెకు దవడ కింద నిమ్మకాయంత వాపు వేలాడింది. ముల్లో, దెబ్బో అనుకున్నాను. పక్క తోటలో మంద కాసే తాత దాని తలను చంకలో ఇరికించుకుని కన్ను తిప్పాడు. లోపల సున్నం కొట్టిన గోడలా ఉంది. "ఏమప్పా, ఒంట్లో నెత్తురే లేదే దీనికి! నువ్వు పోసిందేందో మరి?" అన్నాడు. మర్నాడు పొద్దునకు గొర్రె లేదు.

దాన్ని తిన్న పురుగు పేరు హీమాంకస్. నాలుగో పొట్ట గోడను పట్టుకుని నెత్తురు తాగుతుంది. ఆడపురుగు అంగుళం అటూ ఇటూగా ఉంటుంది. నెత్తురు నిండిన పేగు చుట్టూ తెల్లటి గుడ్ల సంచి మెలి తిరిగి, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టు కనిపిస్తుంది. ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటరు నెత్తురు లాగుతుందని లెక్క. అదెంతలే అనిపిస్తుంది. వెయ్యి పురుగులుంటే 50 మిల్లీలీటర్లు, అంటే మన బెంగళూరు హోటల్లో వన్ బై టూ కాఫీ అంత, రోజూ. ముప్పై కిలోల మేక ఒంట్లో ఉండేదే రెండు లీటర్ల నెత్తురు.

దీంతో వచ్చిన చిక్కేమిటంటే, ఈ పురుగు ఒక్కటే ఉంటే సాధారణంగా పారుడు ఉండదు. పెంటికలు గట్టిగా, నల్లగా మామూలుగానే పడతాయి. "పెంటిక బాగుంది, నట్టలు లేవు" అనుకుని నాలాంటివాళ్ళు మోసపోయేది ఇక్కడే. లోపల నెత్తురు పలచబడ్డ సంగతి బయటికి చెప్పేది కన్ను. దవడ కింద నీరు దిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

మరి అన్నింటికీ మందు పోసేస్తే పోలేదా? మందలో పురుగులన్నీ సమానంగా పంచుకుని ఉండవు. పదహారు జీవాల్లో ఏ మూడో నాలుగో ఎక్కువ భాగం మోస్తుంటాయి. అన్నింటికీ ఒకే మందు మాటిమాటికీ పోస్తే, ఆ మందుకు చావని పురుగులే మిగులుతాయి, వాటి పిల్లలే మేతలోకి వస్తాయి. బాగున్న జీవాలను మందు పోయకుండా వదిలేస్తే, మందుకు లొంగే పురుగులు కూడా పొలంలో మిగిలి, మొండివాటి సంతానంతో కలిసి వాటి జోరు తగ్గిస్తాయి. నేను క్యాలెండర్ పెట్టి ఏడాదిన్నర పెంచింది గొర్రెలను కాదు, మొండి పురుగులను.

రంగు చూసి మందు పోసే పద్ధతిని 1990లలో దక్షిణాఫ్రికాలో కార్డుగా తయారుచేశారు. పేరు ఫమాచా. ఫఫా మలాన్ అనే పశువైద్యుడి పేరులోని ముక్కలకు చార్ట్ అనే మాట ముక్క కలిపితే వచ్చిన పేరది. కార్డు మీద ఎరుపు నుంచి తెలుపు దాకా ఐదు రంగులుంటాయి. ఆ కార్డు బొమ్మను ఫోనులో చూసి పోల్చకండి, ఒక్కో ఫోను ఒక్కో రంగు చూపిస్తుంది. అసలు కార్డు చేతికొచ్చేదాకా పశువైద్యుడి పక్కన నిలబడి నాలుగైదు జీవాలను చూస్తే కంటికి అలవాటవుతుంది.

ఇక చెయ్యి. జీవాన్ని కొట్టం లోపల కాదు, ఆరుబయట నిలబెట్టండి. పై చేతి బొటనవేలితో పైరెప్ప దించి కన్ను మూయండి. మూసిన కంటిమీద అదే వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. గుడ్డు కొంచెం వెనక్కి పోతుంది, భయం లేదు. నొక్కి ఉంచే, రెండో చేతి బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగండి. లోపలి పొర పుటుక్కున బయటికి ఉబుకుతుంది. నొక్కకుండా ఉత్త రెప్ప లాగితే ఆ పొర బయటికి రాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రంగు చూడాల్సింది పొర మధ్యలో, అంచులో కాదు. రెండు మూడు సెకన్లలో చూసేసి వదలాలి, ఎక్కువసేపు తెరిచి పెడితే ఎర్రబడుతుంది. రెండు కళ్ళూ చూసి, తెల్లగా ఉన్నదాని నంబరే రాసుకోవాలి. దుమ్ము పడి, కన్ను వచ్చి ఎర్రబడి ఉంటే ఆ రంగును నమ్మొద్దు.

పండు మిరపకాయ ఎరుపైతే 1, దానికి కాస్త తగ్గితే 2. ఈ రెండింటికీ మందు వద్దు. గులాబి రంగు 3. దీని దగ్గరే బుర్ర వాడాలి: పిల్లలు, చూడివి, పాలిచ్చేవి, చిక్కినవి అయితే పోయండి, దిట్టంగా ఉన్న మేకపోతుకైతే ఆగి వారంలో మళ్ళీ చూడండి. పాలిపోయిన గులాబి 4, తెలుపు 5. ఈ రెండింటికీ తప్పకుండా పోయాలి. 5 వచ్చినదాన్ని మేతకు తోలొద్దు, పరిగెత్తించొద్దు, నీడలో కట్టేసి డాక్టరును పిలవండి. ఊరికి దూరంగా ఉంటే 1962కు ఫోన్ చేయండి, అది సంచార పశువైద్య వాహనాల నంబరు. పదింట ఒకటి కంటే ఎక్కువ జీవాలకు 4, 5 వస్తుంటే 3 ఉన్నవాటికీ పోసి, వారానికోసారి చూడాలి. మామూలుగానైతే వానల్లో రెండు వారాలకు, ఎండాకాలం నెలకు ఒకసారి చాలు. మన దగ్గర సెప్టెంబరు, అక్టోబరు వానలు గట్టివి కాబట్టి అప్పుడు బద్ధకించొద్దు. ఈనిన గొర్రెలను మొదటి రెండు నెలలు మరీ కనిపెట్టి ఉండాలి, ఆ సమయంలో వాటి ఒళ్ళు పురుగును అదుపులో పెట్టలేదు.

మందు కొలతకు కంటి అంచనా పనికిరాదు. తక్కువ పోస్తే పురుగు చావదు, మొండిదవుతుంది. తూకం లేకపోతే టేపు తీసుకుని ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తుంటి ఎముక చివరి దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆ వచ్చినదాన్ని పొడవుతో గుణించి 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 28 అంగుళాల చుట్టు, 24 అంగుళాల పొడవు ఉన్న మేక దాదాపు ఇరవై ఎనిమిదిన్నర కిలోలు. గొర్రెకు రాసిన డోసు మేకకు సరిపోకపోవచ్చు, మేక ఒళ్ళు చాలా మందులను తొందరగా అరగదీస్తుంది. అందుకే డాక్టరును అడిగేటప్పుడు గొర్రెకా మేకకా స్పష్టంగా చెప్పండి. చూడి తొలి దినాల్లో ఆల్బెండజోల్ పోయకూడదు. కన్నడం అంతగా రాకపోతే కౌంటర్ దగ్గర "జంతుహుళు ఔషధి" అంటే అర్థమవుతుంది. "కణ్ణు బిళి ఆగిదె" అని కలిపితే మీకు ఈ పాఠం వచ్చిందని కూడా తెలుస్తుంది.

పోసేటప్పుడు తల ఎత్తి ఆకాశం చూపించొద్దు. నేను ఒక మేకపిల్లకు అలాగే పోశాను. అక్కడికక్కడే దగ్గింది, మందు ఊపిరితిత్తుల్లోకి పోయింది, మూడో రోజు చచ్చిపోయింది. తల నేలకు సమంగా ఉండాలి. సూది తీసేసిన సిరంజిని నోటి మూలనుంచి నాలుక వెనక్కి పెట్టి మెల్లగా తోస్తే అదే మింగుతుంది.

ఈ నంబర్లు గొర్రెకూ మేకకూ మాత్రమే. ఆవు కన్ను తెల్లబడితే నట్టల మందు పోసి చేతులు దులుపుకోవద్దు. పిడుదుల వల్ల వచ్చే థైలేరియాసిస్‌లో జ్వరం, భుజం దగ్గర గడ్డలు, తెల్లటి కన్ను కనిపిస్తాయి. సంకర జాతి ఆవులకు అది ప్రాణాంతకం, నెత్తురు పరీక్షతోనే తేలుతుంది. చెరువు గట్టున మేసే జీవాలకైతే ఇంకో అనుమానం ఉండాలి. నత్తలున్న చోట కార్జపు జలగలుంటాయి, వాటివల్లా కన్ను తెల్లబడుతుంది, కానీ ఐవర్‌మెక్టిన్ లాంటి మందులకు అవి చావవు.

మందు పనిచేస్తోందా అన్నది తెలియాలంటే పెంటిక పరీక్ష ఒక్కటే దారి. మందు పోసిన రోజు ఒకసారి, మళ్ళీ పది నుంచి పద్నాలుగు రోజులకు ఒకసారి తాజా పెంటికలు చిన్న కవరులో గాలి తీసి కట్టి అదే రోజు ఇవ్వండి. ఎక్కడివ్వాలో మీ పశువైద్యశాలలో అడగండి, బెంగళూరులో హెబ్బాళ పశువైద్య కళాశాల కూడా ఉంది. గ్రాము పెంటికలో 1200 పురుగు గుడ్లున్నది 300కు తగ్గితే సంతోషపడొద్దు, అది 75 శాతమే. 95 శాతం తగ్గకపోతే ఆ మందు మీ పొలంలో పని చేయడం లేదని అనుమానించాలి. నేను క్యాలెండర్ చూసి పోసిన తెల్ల మందు సంగతి ఇలాగే బయటపడింది.

మేత గురించి రెండు మాటలు. పురుగుపిల్లలు తడిని పట్టుకుని గడ్డి ఎక్కుతాయి, ఎక్కువగా నేలకు మూడు అంగుళాల లోపే ఉంటాయి. మంచు ఆరాక వదలండి, గడ్డి నేలకు అంటేదాకా మేపకండి. మేకకు చెట్టాకు ఎంత పెడితే అంత మంచిది.

ఈ ఆదివారం పని: అన్ని జీవాల కళ్ళు చూసి, చెవిపోగు నంబరు, రంగు నంబరు, మందు, తేదీ రాయండి. రెండు వారాలకు మళ్ళీ చూడండి, పాత పేజీ తిప్పకుండా. నా పుస్తకంలో 7వ నంబరు మేకకు ఒకే వానాకాలంలో నాలుగుసార్లు 4 పడింది. అప్పుడుగానీ దాన్ని అమ్మడానికి మనసు రాలేదు. వచ్చే పాఠం చిటుక రోగం గురించి. టీకా వానలకు ముందే పడాలి కాబట్టి సీసా అందుబాటులో ఉందో లేదో ఈ వారమే మీ ఆస్పత్రిలో కనుక్కోండి.