కొత్త ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో తేడా కనిపిస్తే ఎలా తేల్చుకోవాలి?

లక్షన్నర పోసి కొన్న ల్యాప్‌టాప్ తెరవగానే కింది మూలలో తెల్లటి వెలుగు కనిపిస్తుంది. లేదా తెల్ల పేజీ పసుపు తిరిగినట్టు ఉంటుంది, అక్షరాలు మసకగా ఉంటాయి. అప్పుడు చాలామంది చీకట్లో ఒక ఫోటో తీసి స్నేహితులకు పంపుతారు, మర్నాడు తెలిసిన షాపుకు తీసుకెళ్లి విప్పిస్తారు. ఆ ఫోటోతో లేని లోపం ఉన్నట్టు తేలుతుంది. విప్పించడంతో వారంటీ చిక్కుల్లో పడుతుంది.

ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర భాగం) లోపమా, సెట్టింగ్ తేడానా అన్నది తేలకుండా ఎవరికీ ఫోన్ చేయకండి. తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు, కానీ ఆ పని మొదటి వారంలోనే అయిపోవాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి చాలాసార్లు మార్చి ఇచ్చే గడువు 7 రోజులే. అది దాటితే రిపేరే తప్ప కొత్తది రాదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో కొని తిరుపతికి తెచ్చుకున్నవాళ్లు బిల్లు మీద సీరియల్ నంబర్ ఉందో లేదో అదే రోజు చూసుకోవాలి.

కావలసినవి

మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, ఇంట్లో టీవీ, దానికి హెచ్‌డీఎంఐ కేబుల్, ఫోన్, చీకటి చేయగలిగిన గది. సన్న మోడల్ అయితే టైప్-సీ అడాప్టర్ కూడా. స్క్రీన్ గార్డ్ అంటించి ఉంటే పీకేయండి. ల్యాప్‌టాప్‌కు స్క్రీన్ గార్డ్ వేయకూడదు, అంతే.

పెయింట్‌లో నలుపు, తెలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కో రంగుతో ఆరు చిత్రాలు చేసి పీఎన్‌జీగా సేవ్ చేయండి. బూడిదకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విలువలూ 128 పెట్టండి. వీటిని బ్రౌజర్‌లో తెరిచి ఎఫ్11 నొక్కితే స్క్రీన్ నిండుతుంది. యూట్యూబ్‌లో దొరికే టెస్ట్ వీడియోలు వాడొద్దు. వీడియోను కుదించేటప్పుడు ముదురు రంగుల్లో గళ్లు, చారలు పడతాయి. అవి వీడియోలోవి, మీ ప్యానెల్‌వి కావు. వాటిని చూసి మంచి ల్యాప్‌టాప్ వెనక్కి పంపినవాళ్లు ఎంతోమంది.

ముందు సెట్టింగులు

విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నైట్ లైట్ (రాత్రిపూట స్క్రీన్‌ను పసుపుగా మార్చే సెట్టింగ్) ఆపండి. పసుపు కంప్లైంట్లలో చాలా వరకు అక్కడే తీరిపోతాయి. హెచ్‌డీఆర్ (వీడియోల్లో వెలుగునీడల తేడా పెంచే సెట్టింగ్) ఆపండి, అది ఆన్‌లో ఉంటే మామూలు పేజీల రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. స్క్రీన్ మీద ఉన్నదాన్ని బట్టి వెలుతురు తగ్గించే ఆప్షన్ ఉంటుంది, అదీ ఆపండి. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే డిస్‌ప్లే పవర్ సేవింగ్, ఏఎండీ అయితే వేరీ-బ్రైట్ కూడా. బ్యాటరీ మీద ఉన్నప్పుడు వెలుతురు దానంతటదే మారిపోతుంటే కారణం ఇవే. అక్షరాలు మసకగా ఉంటే రిజల్యూషన్ రికమెండెడ్ దగ్గరే ఉంచి, క్లియర్‌టైప్ (అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేసే విండోస్ సెట్టింగ్) మళ్లీ సెట్ చేయండి. కంపెనీ ఐటీవాళ్లు విండోస్ కొత్తగా వేసి పంపిన ల్యాప్‌టాప్ అయితే తయారీదారు ఇచ్చిన కలర్ ప్రొఫైల్ పోయి ఉండొచ్చు. తయారీదారు యాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే తిరిగి వస్తుంది.

ఆ తర్వాత టీవీకి కలపండి. మినుకుమినుకు, గీతలు టీవీలోనూ కనిపిస్తే తప్పు గ్రాఫిక్స్‌ది లేదా డ్రైవర్‌ది. టీవీలో లేకుండా ల్యాప్‌టాప్‌లోనే ఉంటే, రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల పేజీ) వెళ్లి చూడండి. అక్కడ కూడా కనిపిస్తే విండోస్ మీద నెపం వేయడానికి లేదు. మూత నెమ్మదిగా ముందుకూ వెనక్కూ వంచండి. ఏదో ఒక కోణంలోనే గీతలు వస్తుంటే లోపలి కేబుల్ అనుమానించాలి.

చుక్కల విషయం

రంగుల చిత్రాలు ఒక్కొక్కటే వేసి చూడండి. స్క్రీన్ మీది బొమ్మ పిక్సెళ్లనే అతి చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. అన్ని రంగుల మీదా నల్లగా ఉండే చుక్క చచ్చిపోయిన పిక్సెల్. నలుపు మీద ఎర్రగానో పచ్చగానో వెలిగేది ఇరుక్కుపోయిన పిక్సెల్. 2880×1800 స్క్రీన్‌లో 51,84,000 పిక్సెళ్లు ఉంటాయి. డిస్‌ప్లేలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241-307లోని చాలా తరగతులు కొన్ని లోపాలను అనుమతిస్తాయి కాబట్టి ఒక్క చుక్కకు ప్యానెల్ మార్చకపోవచ్చు. కొన్న మోడల్ పాలసీ ముందే చదవండి. ఇరుక్కున్న పిక్సెల్‌ను గుడ్డ చుట్టిన వేలితో నొక్కి సరిచేయమని చెప్పే వీడియోలు నమ్మకండి. మన రేణిగుంట, ఏర్పేడు వైపు టీవీలు, డిస్‌ప్లే ప్యానెళ్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లను అడగండి, ప్యానెల్ మీద వేలి ఒత్తిడి పడితే ఏమవుతుందో చెబుతారు. ఒక్క చుక్క ఉన్నచోట మచ్చ మిగులుతుంది, దాన్ని భౌతిక నష్టం అని రాసి వారంటీ తోసేస్తారు.

అసలు కష్టం: చీకటి పరీక్ష

అందరూ చెడగొట్టేది ఇక్కడే. మూలల్లో కనిపించే వెలుగు రెండు రకాలు. వెనక ఉన్న లైటు అంచుల సందుల్లోంచి కారడం ఒకటి, అది బ్యాక్‌లైట్ బ్లీడ్. రెండోది ఐపీఎస్ గ్లో. ఐపీఎస్ అనేది ఒక రకం ఎల్‌సీడీ ప్యానెల్, ఏటవాలుగా చూసినప్పుడు దానిలో సహజంగా కనిపించే మెరుపు ఇది. మొదటిది ఎక్కువగా ఉంటే లోపం. రెండోదాన్ని ఎన్ని ల్యాప్‌టాప్‌లు మార్చినా తప్పించుకోలేరు. ఈ తేడా తెలియక మూడుసార్లు రిటర్న్ చేసి, చివరికి మొదటిదానికన్నా అధ్వానమైనది పెట్టుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు.

మే నెల ఎండలో కొరియర్ వ్యాన్‌లో తిరిగి వచ్చిన ల్యాప్‌టాప్‌ను వెంటనే పరీక్షించకండి. గదిలో ఉంచి చల్లబడనివ్వండి, తర్వాత ఆన్ చేసి అరగంట నడవనివ్వండి. రాత్రి కిటికీలు మూసి లైట్లు ఆర్పండి. ఇన్వర్టర్ దీపం, రౌటర్ దీపం, పూజ గదిలోంచి వచ్చే వెలుగు మెరిసే స్క్రీన్ మీద ప్రతిబింబించి చుక్కల్లా కనిపిస్తాయి. వాటిని కప్పండి, తలుపు వేయండి.

బ్రైట్‌నెస్ 40 శాతం. నూరు శాతం పెట్టి పరీక్ష చేయడం పరీక్షే కాదు, చీకట్లో నూరు శాతం వెలుతురుతో ఎవరూ పని చేయరు. నల్ల చిత్రం వేసి, మౌస్ గుర్తు కనబడకుండా చేసి, స్క్రీన్ మధ్యకు ఎదురుగా కళ్లు ఉండేలా కూర్చోండి. వెలుగు ఎక్కడుందో చూడండి. ఇప్పుడు కదలండి. తల ఎడమకు, కుడికి జరపండి, మూడు నాలుగు అడుగులు వెనక్కి వెళ్లండి. మీతోపాటు వెలుగు జరిగితే, దూరం వెళ్లేకొద్దీ తగ్గితే అది గ్లో. ఎక్కడ నిలబడినా ఆ అంచునే అతుక్కుని ఉంటే బ్లీడ్. ఈ కదలిక లేకుండా ఒకే చోట కూర్చుని తీర్పు చెప్పేవాళ్ల మాట వినకండి.

ఫోటో తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఫోన్ కెమెరా చీకట్లో వెలుతురు తనంతట తానే పెంచేస్తుంది, చిన్న మెరుపు కూడా మంటలా కనిపిస్తుంది. ఫోన్ స్క్రీన్ మీద వేలితో నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుతురు మోతాదు) లాక్ చేయండి. మీ కంటికి ఎలా కనిపిస్తుందో ఫోటోలోనూ అలా కనిపించేదాకా తగ్గించండి. ఎదురుగా ఒకటి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి తీసి, పక్కకు జరుగుతూ ఒక చిన్న వీడియో తీయండి. మంటల ఫోటోలు చూసి చూసి సర్వీస్‌వాళ్లు వాటిని నమ్మడం మానేశారు. కదిలే వీడియోను కాదనలేరు.

చివరగా ట్యూబ్‌లైట్ వేసి, రోజూ వాడే డార్క్ థీమ్‌లో ఎడిటర్ తెరవండి. అప్పుడూ ఆ వెలుగు కంటికి తగులుతుంటే కంప్లైంట్ ఇవ్వాల్సిందే. చిమ్మచీకట్లో మాత్రమే కనిపిస్తుంటే టెన్షన్ పెట్టుకోకండి.

ఓఎల్‌ఈడీ స్క్రీన్‌లో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది, వెనక లైటే ఉండదు కాబట్టి బ్లీడ్ ఉండదు. దాని ఇబ్బంది వేరు. వెలుతురు తగ్గించడానికి చాలా ప్యానెళ్లు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. కెమెరా షట్టర్ సెకనులో వెయ్యో వంతుకు పెట్టి చూస్తే నల్ల పట్టీలు కనిపిస్తాయి. రోజంతా అక్షరాలు చదివే పనికి మ్యాట్ (మెరవని) ఐపీఎస్ తప్ప ఇంకోటి తీసుకోకూడదు.

కంప్లైంట్

కంపెనీ ల్యాప్‌టాప్ అయితే ఐటీ టికెట్‌లో వీడియో, సీరియల్ నంబర్, బయోస్‌లో చూసినది రాయండి. సొంతదైతే ఆన్‌సైట్ వారంటీ ఉందో లేదో చూసి ఇంజనీరును ఇంటికే పిలిపించండి. మాటల్లో కాకుండా ఈమెయిల్‌లోనే అడగండి. ఊరికే తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ప్యానెల్ మార్చాక ఇంజనీరు సంతకం అడుగుతాడు. తొందరపడకండి. రిజల్యూషన్, రిఫ్రెష్ రేట్ (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో) పాతదానితో సమానంగా ఉన్నాయో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. గది తలుపు వేసి, 40 శాతం వెలుతురులో నల్ల చిత్రం ఆయన ముందే వేయండి. కొత్త ప్యానెల్ పార్ట్ నంబర్ సర్వీస్ కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.