ఒప్పుకున్న పాపమే మళ్లీ మళ్లీ నిలదీస్తుంటే

ముందు మనసులో వినిపిస్తున్న ఆ నింద ఏమంటోందో ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. "నిన్న తమ్ముడితో అబద్ధమాడావు" అని ఉంటే అది పరిశుద్ధాత్మ ఒప్పింపు, అంటే దేవుని ఆత్మ తప్పును చూపించడం, కావచ్చు. పాపానికి పేరుంది, చేయాల్సిన పనీ తెలుస్తోంది. "నీలాంటివాణ్ణి దేవుడెలా క్షమిస్తాడు?" అని ఉంటే అందులో పేరూ లేదు, దారీ లేదు. బైబిల్లో ప్రకటన గ్రంథం 12:10 ప్రకారం అపవాది (సాతాను) పనే సహోదరుల మీద నేరం మోపడం.

మొదటి రకమైతే, పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 ముందు పెట్టుకుని పేరుపెట్టి ఒప్పుకోండి. "తెలిసీ తెలియక చేసినవన్నీ క్షమించు" అని గంపగుత్తగా అడిగితే మనస్సాక్షికి పట్టు దొరకదు, రాత్రికి మళ్లీ మొదలవుతుంది. "వాళ్లే రెచ్చగొట్టారు" అని తోక తగిలించకండి. ఆ వచనంలో ఆధారం మన కన్నీళ్లు కావు, దేవుడు నమ్మదగినవాడు, నీతిమంతుడు కావడమే. సిలువ మీద వెల చెల్లింది కాబట్టి ఆయన రెండోసారి అడగడు.

ఎవరికైనా నష్టం చేసి ఉంటే తీర్చండి. సంఖ్యాకాండం 5:7 అసలుకు ఐదోవంతు కలిపి ఇమ్మంది. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. అయితే యేసు అతని ఇంటికి వస్తానన్నది అంతకు ముందే! తిరిగి ఇవ్వడం క్షమాపణకు ధర కాదు.

ఇంత చేశాకా నింద వస్తే చాలామంది ఇక్కడే తడబడతారు. అదే పాపాన్ని మళ్లీ ఒప్పుకుంటారు, లేదా "నేనంత చెడ్డవాణ్ణేం కాదు" అని వాదిస్తారు. రెండూ వద్దు. జెకర్యా 3లో ప్రధానయాజకుడు యెహోషువ మురికి బట్టలతో నిలబడ్డాడు, కుడిపక్కన సాతాను. మురికి నిజమే, కళ్లెదుటే ఉంది. యెహోషువ ఒక్క మాటా అనలేదు. సాతానును గద్దించింది యెహోవా. ఆ బట్టలు తీసేయించి, ప్రశస్తమైన వస్త్రాలు తొడిగించి, తలకు తెల్లని పాగా పెట్టించారు. మీరూ "అవును, చేశాను. దానికోసమే క్రీస్తు చనిపోయాడు" అనండి. దేవుడే నీతిమంతులుగా తీర్చినవారి మీద నేరం మోపేదెవరని అడిగే రోమా 8:33-34 బిగ్గరగా చదివి మీ పనిలోకి వెళ్లండి.

మనసు వెంటనే కుదుటపడకపోతే క్షమాపణ దొరకలేదని కాదు. మన హృదయం మనల్ని దోషిగా నిలబెట్టినా దేవుడు దానికంటే గొప్పవాడని 1 యోహాను 3:20 అంటోంది. ఒంటరిగా మోయలేకపోతే యాకోబు 5:16 ప్రకారం గుట్టు దాచగల ఒక విశ్వాసికి చెప్పి కలిసి ప్రార్థించండి. సాక్ష్యం పేరుతో సంఘమంతటి ముందూ విప్పనక్కర్లేదు. రోజంతా అదే ఒప్పుకోలు ఆపుకోలేక నిద్ర, తిండి పాడవుతుంటే సంఘ కాపరితోపాటు మానసిక వైద్యుణ్ణీ కలవండి.