ముసురు పట్టకముందే: సర్వర్ రూమ్ ఆప్టికల్ మాడ్యూళ్లకు జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే బరంపురంలో గాలే మారిపోతుంది. గోపాల్‌పూర్ వైపు నుంచి వీచే తడి గాలికి అప్పడాలు మెత్తబడతాయి, తలుపులు ఉబ్బి పట్టేస్తాయి. సర్వర్ రూమ్‌లో నెట్‌వర్క్ స్విచ్‌లకు గుచ్చే ఆప్టికల్ మాడ్యూళ్లుంటాయి, సిగ్నల్‌ను వెలుగుగా మార్చి ఫైబర్‌లోకి పంపేవి అవే. అక్కడ ఏసీ ఉంది కదా, మనకేం టెన్షన్ అనుకుంటాం. అసలు చిక్కు ఆ చల్లదనంతోనే.

బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా అక్కడ నీరు చెమరుస్తుంది. మన గదిలోనేమో 22 డిగ్రీలు. కరెంటు పోయి ఏసీ ఆగగానే, మిషన్లు వేడెక్కుతున్నాయని ఎవరో ఒకరు తలుపు బార్లా తెరుస్తారు. నడుస్తున్న మాడ్యూల్‌ను దాని వేడే కొంత కాపాడుతుంది. మూతల్లేని ఖాళీ పోర్టులకు, సంచి విప్పి పెట్టిన స్పేర్ మాడ్యూళ్లకు ఆ కాపుదల లేదు. పైగా తక్కువ దూరానికి వాడే చాలా ఎస్‌ఆర్ (షార్ట్ రీచ్) మాడ్యూళ్లలో లేజర్‌ను గాలి చొరబడకుండా సీల్ చేయరు. తేమ దానికి పడదు.

అందుకే జనరేటర్ మీద ఏసీ కూడా నడుస్తుందో లేదో ఈ వారమే చూసుకోండి. చాలాచోట్ల యూపీఎస్‌కే లైన్ ఇచ్చి వదిలేస్తారు. తలుపు తెరవొద్దని తెలుగులో, ఒడియాలో రెండింట్లోనూ రాసి అంటించండి. రాత్రి డ్యూటీలో ఎవరుంటారో తెలియదు కదా. చల్లని గదిలోని స్పేర్ మాడ్యూల్‌ను ఇంకో బిల్డింగ్‌కు తీసుకెళ్తే, అది అక్కడి వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి.

ఇక శుభ్రం సంగతి. నాకు బాగా పట్టింపు ఉన్నది ఇక్కడే. ఒక వానాకాలం మా దగ్గర 100జీ (సెకనుకు 100 గిగాబిట్ల) లింకు పడుతూ లేస్తూ ఉండేది. మాడ్యూల్ పోయిందనుకుని రెండుసార్లు మార్చాం. తీరా మైక్రోస్కోప్ పెట్టి చూస్తే ఎంపీఓ కనెక్టర్ (చాలా ఫైబర్ పోగులను ఒకేసారి కలిపేది) మొహం మీద మరక. ఆ మురికినే కొత్త మాడ్యూల్‌కూ అంటించాం.

ఈ మాడ్యూళ్లకు వాడే మల్టీమోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే కోర్ 50 మైక్రాన్లే, వెంట్రుక కంటే సన్నం. 100జీ ఎస్‌ఆర్4 రకం మాడ్యూల్‌లో నాలుగు పోగులు పంపడానికి, నాలుగు అందుకోవడానికి. ఒక్క పోగు మసకబారినా లింకు మొత్తం తూలుతుంది. కాబట్టి ముందు చూడండి, తర్వాత తుడవండి, మళ్లీ చూసి అప్పుడు గుచ్చండి. ముందు పొడిగా, ఎంపీఓ క్లీనర్ పెన్‌తో తుడవాలి. మరక వదలకపోతే పీచు రాలని వైప్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి తుడిచి, వెంటనే పొడిది వాడాలి. ప్యాచ్ కార్డ్ (పోర్టులను కలిపే ఫైబర్ తీగ) ఒక్కటే కాదు, మాడ్యూల్ వైపు కూడా. నోటితో ఊదకండి, అదీ తేమే. చొక్కా అంచుతో అసలే వద్దు. ఈ మాడ్యూళ్లు పంపే 850 నానోమీటర్ల లేజర్ వెలుగు కంటికి కనబడదు. చీకటిగా ఉందని లింకు నడుస్తుండగా లోపలికి తొంగి చూడకండి.

వానలు మొదలవకముందే ప్రతి లింకు రీడింగులూ రాసి పెట్టుకోండి: ఒక్కో లేన్‌లో (పోగులో) అందే వెలుగు పవర్, లేజర్‌ను వెలిగించే బయాస్ కరెంట్, మాడ్యూల్ వేడి, ఎఫ్‌ఈసీ (దారిలో చెడిన డేటాను దిద్దే ఏర్పాటు) సరిదిద్దిన తప్పుల లెక్క. చివరిది ముఖ్యం. ఎఫ్‌ఈసీ తప్పులను దిద్దుతూ పోతుంది కాబట్టి పైకి లింకు పచ్చగానే కనబడుతుంది. ఆ లెక్క రోజురోజుకీ పెరుగుతుంటే ఏదో చెడుతోందని అర్థం. పాత అంకె చేతిలో లేకపోతే పెరిగిందని ఎలా తెలుస్తుంది?

ర్యాకులు జరిపితే దూరం మరవకండి. 100జీ ఎస్‌ఆర్4కు ఓఎం3 రకం మల్టీమోడ్ ఫైబర్ మీద 70 మీటర్లు, ఓఎం4 మీద 100. మధ్యలో పెట్టే ప్రతి జాయింటూ కొంత వెలుగును తినేస్తుంది.

మనకు అక్టోబరు కూడా భయమే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తుఫాను హెచ్చరిక వచ్చి అన్నీ ఆపేయాల్సి వస్తే, పీకిన ప్రతి ప్యాచ్ కార్డ్‌కూ, ప్రతి పోర్టుకూ డస్ట్ క్యాప్ పెట్టండి. విడి మాడ్యూళ్లను సిలికా జెల్‌తో సంచిలో సీల్ చేయండి. కరెంటు రాగానే స్విచ్‌లు ఆన్ చేసేయకండి. తలుపులు మూసి ముందు ఏసీ నడపండి, గదిలో తేమ మీటర్ మామూలు అంకెకు దిగేదాకా ఆగండి, తర్వాత కనెక్టర్లను ఒక్కొక్కటిగా మైక్రోస్కోప్ కింద చూడండి. స్విచ్‌లు ఆఖరున.