రాళ్ళ వేట, 4వ పాఠం: గాజు మీద గీత

ఈసారి పలుగురాయికి (క్వార్ట్జ్) రంగులు ఎలా వస్తాయో చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. తప్పు నాదే.

పోయిన పాఠంలో "గట్టిదనం తెలియాలంటే గాజు ముక్క మీద గీసి చూడండి" అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయాను. ఆ వారమే తొలకరి పడింది. ఈ పాఠాలు చదివే మనవాళ్ళు ఐదుగురు వజ్రాల కోసం కర్నూలు నుంచి జొన్నగిరి చేలకు వెళ్ళి, సాయంత్రానికి 43 రాళ్ళు ఏరుకొచ్చారు. రాత్రి పదింటికి ఫోన్. "సార్, అన్నీ గాజును గీస్తున్నాయి!" ఒకాయనైతే ఇంట్లో డ్రెస్సింగ్ టేబుల్ అద్దం మీదే గీసి చూశాడు. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

గాజును గీసినంత మాత్రాన ఏ రాయీ వజ్రం అయిపోదు. 2వ పాఠంలోని మోస్ కొలబద్ద గుర్తుందా, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పేది, వజ్రం 10? మామూలు గాజు ఐదున్నర దగ్గర ఉంటుంది. పలుగు 7. అంటే చేను గట్టున పడి ఉన్న ఏ పలుగురాయైనా గాజును హాయిగా గీస్తుంది. గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ 6, అదీ గీస్తుంది. పగిలిన సీసా ముక్క అంచు కూడా గాజును గీయగలదు. ఆ 43 రాళ్ళూ నేను చూశాను: 38 పలుగు, 3 కాల్సైట్, ఒక ఫెల్డ్‌స్పార్, ఒక సోడా సీసా ముక్క.

కాల్సైట్ అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం, దాని గట్టిదనం 3. అది గాజును గీయలేదు కదా, మరి గీత ఎలా కనిపించింది? నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. మెత్తటి రాయిని గాజు మీద గట్టిగా రుద్దితే రాయే అరిగి, దాని పొడి తెల్లటి గీతలా అంటుకుంటుంది. తడివేలితో తుడవండి. పోతే అది పొడి, పోకపోతే గీత. తుడిచాక గోటిని అడ్డంగా లాగండి, గాటు ఉంటే గోటికి తగులుతుంది. ఇంకో సంగతి. రాయిని కడగకుండా గీయకండి. దానికి అంటుకున్న ఇసుక రేణువు కూడా పలుగే, గాజును గీసింది ఆ రేణువే కావచ్చు. అందుకే ముందు కడగాలి, తర్వాత మొనతో ఒక్కసారి గీయాలి, ఆ తర్వాత తుడిచి చూడాలి. ఇరవైసార్లు రుద్దితే తెలిసేదేమీ లేదు.

అసలు నేను గాజు వాడను. నా సంచిలో పగిలిన పలుగు స్ఫటికం ముక్క ఒకటి ఉంటుంది, దానికి ఒక ముఖం నున్నగా ఉంది. అనుమానం వచ్చిన రాయితో దాని మీద గీస్తాను. గీత పడకపోతే అది వజ్రం కాదు, అక్కడితో సరి. పడితే అప్పుడు ఆలోచిస్తాను. పుష్యరాగం, కురువిందం (కెంపు, నీలం ఈ జాతివే) కూడా పలుగును గీస్తాయి కాబట్టి, పడినా ఎగిరి గంతెయ్యను.

సుత్తి గురించి ఒక్క మాట. వజ్రం పగలదని ఎవరో చెప్పారని మనవాళ్ళలో ఒకరు రాయిని బండ మీద పెట్టి కొట్టారు. గట్టిదనం వేరు, పగలకుండా ఉండటం వేరు. వజ్రానికి నాలుగు దిక్కుల్లో చక్కగా చీలే గుణం ఉంది. నిజంగా దొరికిన రోజు సుత్తితో పరీక్షిస్తే చేతిలో మిగిలేవి ముక్కలే.

మరుసటి ఆదివారం నేనూ వాళ్ళతో వెళ్ళాను. పత్తికొండలో ఉగ్గాని, బజ్జీ తిని ఏడింటికల్లా చేన్లో ఉన్నాం. తొందర ఎందుకంటే, పొద్దు కిందుగా ఉన్నప్పుడే వేట. సూర్యుడికి ఎదురుగా నడిస్తే తడి మట్టిలోంచి మెరిసే ప్రతిదీ కంటికి తగులుతుంది. పొద్దెక్కాక అన్నీ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. వాన పై మట్టిని కడిగేస్తుంది కనుకే జనం తొలకరి రోజుల్లో వస్తారు. వజ్రకరూరు వైపు నేలలో కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి, అంటే భూమి లోతుల నుంచి కరిగిన రాయి వజ్రాలను మోసుకుంటూ పైకి తన్నుకొచ్చి గట్టిపడిన చోట్లు, వాటి వయసు సుమారు 110 కోట్ల ఏళ్ళు. అలాంటి రాతిలోంచి ఊడిన వజ్రాలు వానలకీ వంకలకీ కొట్టుకొచ్చి చేలల్లో చేరతాయి. అరుదుగానే సుమా.

మేము అడుగుపెట్టిన చేను రైతు గట్టు మీదే ఉన్నాడు. అడిగాం. "ఏరుకోండి సామీ, ఇత్తనం ఏసినాక మాత్రం రావద్దు" అన్నాడు. అడగడం మరిచిపోవద్దు. పక్క చేనాయన వద్దన్నాడు, వెళ్ళలేదు. ఆ దగ్గర్లోనే ఉన్న ఎర్రగుడి అశోక శాసనాల దగ్గరైతే చూసి రండి, అంతే, ఒక్క రాయీ ముట్టుకోకండి.

మధ్యాహ్నానికి మాకు దొరికింది వేలెడంత పలుగు స్ఫటికం. ఆరు ముఖాలు, కొస చెక్కుచెదరలేదు, ముఖాల మీద అడ్డంగా సన్నటి గీతలు. ఆ అడ్డగీతలే పలుగు సంతకం. వజ్రమైతే రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది, ముఖాలు నూనె చేత్తో ముట్టుకున్నట్టు మెరుస్తాయి. "ఇంతేనా సార్, పలుగేనా?" అన్నారు మనవాళ్ళు నీరసంగా. నాకు మాత్రం ఆ స్ఫటికం చాలు.

ఇంటికొచ్చాక తూకం. బంగారం తూచే చిన్న కాటా తీసుకోండి. రాయిని తూచి రాసుకోండి. తర్వాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, రాయిని దారంతో కట్టి నీళ్ళలో వేలాడదీయండి. అడుక్కి, పక్కలకి తగలకూడదు. ఇప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించండి, రాయి తన అంత పరిమాణం నీళ్ళకంటే ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది, ఆ అంకె ఒక్కో ఖనిజానికి ఒక్కోలా ఉంటుంది. మా స్ఫటికం 21.2 గ్రాములు, నీళ్ళలో వచ్చిన అంకె 8.0. భాగిస్తే 2.65, అంటే పలుగే. వజ్రం 3.52. కాల్సైట్ 2.71, పలుగుకి బాగా దగ్గర. అందుకని ఆ రెంటికీ చాకు మొన వాడండి, కాల్సైట్ మీద గాటు పడుతుంది, పలుగు మీద పడదు. గ్రాము కంటే చిన్న రాయికి ఈ పద్ధతి పనికిరాదు, కాటా తప్పే ఎక్కువవుతుంది. వజ్రాలను తూచే క్యారెట్ అంటే 0.2 గ్రామే, మరి.

అభ్యాసం: రెండు గ్రాములు దాటిన పది రాళ్ళు ఏరండి. ఒక్కోదాన్ని మూడుసార్లు తూచి, మూడు జవాబులూ నోట్‌బుక్‌లో రాయండి. మూడింటికీ 0.05 కంటే ఎక్కువ తేడా వస్తే దారం గ్లాసుకి తగులుతోందని అర్థం, మళ్ళీ చేయండి. గాజు ముక్కను డబ్బాలో పెట్టేయండి, అద్దాల జోలికి అసలే వెళ్ళకండి. పది రాళ్ళూ అయ్యాకే నాకు ఫోన్ చేయండి, అదీ రాత్రి తొమ్మిదిలోపు.