స్ప్రేయర్ ఇంజన్ మీరే బిగించారా? స్టార్ట్ కాకపోతే కార్బురేటర్ జోలికి వెళ్లకండి

మిర్చి తోటలో మందు కొట్టే పెట్రోల్ స్ప్రేయర్‌కి ఉండే చిన్న టూ స్ట్రోక్ ఇంజన్ గురించి ఇది. బ్రష్ కట్టర్‌కీ చాలావరకు ఇదే వర్తిస్తుంది. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిర్చి మీద పడ్డప్పటి నుంచి ఈ మిషన్లకి తీరిక లేదు. సీజన్ మధ్యలో ఇంజన్ పట్టేస్తే కొత్త పిస్టన్, రింగులు, సీళ్లు (షాఫ్ట్ చుట్టూ గాలి పోకుండా ఆపే రబ్బరు రింగులు) తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మంచిదే. కానీ బిగించాక స్టార్ట్ కాలేదంటే చాలు, చెయ్యి నేరుగా పెట్రోల్, గాలి కలిపే కార్బురేటర్ స్క్రూల మీదకి పోతుంది.

ఆ స్క్రూలు ముట్టుకోకండి. విప్పకముందు ఇంజన్ ఆ సెట్టింగ్ మీదే నడిచింది. ముందు ప్లగ్గు ఊడదీసి, తడిగా ఉందో పొడిగా ఉందో చూడండి. అర నిమిషం పని. అది వదిలేసి ఇంజన్ మొత్తం మళ్లీ విప్పి, ముక్కలన్నీ సంచిలో వేసుకొచ్చేవాళ్లని చూస్తే నిజంగా చిరాకేస్తుంది.

తాడు ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదు

ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, స్పార్క్ లేకపోవచ్చు. ప్లగ్గు రంధ్రానికి దూరంగా, ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకి ఆనించి తాడు లాగి చూడండి. స్పార్క్ రాకపోతే ఫ్యాన్ కవర్ కింద స్టాప్ స్విచ్ వైరు నలిగి బాడీకి తగులుతోందేమో చూడాలి. కొత్తగా బిగించిన ఇంజన్లలో ఎక్కువగా ఇదే. తర్వాత కాయిల్‌కీ మాగ్నెట్‌కీ (షాఫ్ట్ మీద తిరిగే అయస్కాంతం చక్రం) మధ్య సందు చూడండి. సుమారు 0.3 మి.మీ. ఉండాలి. మధ్యలో ఒక విజిటింగ్ కార్డు పెట్టి కాయిల్ బిగించి, కార్డు లాగేస్తే సరిపోతుంది.

పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు. డయాఫ్రం కార్బురేటర్ (లోపల పల్చటి పొర ఆడి పెట్రోల్ లాగే రకం) అయితే దాని వెనకున్న ప్యాకింగ్ తిరగేసి పెట్టారేమో చూసుకోండి. ఆ ప్యాకింగ్‌లో పెద్ద రంధ్రం పక్కన చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అది మూసుకుపోతే కార్బురేటర్‌లోని పంపు ఆడదు.

తాడు తేలిగ్గా వచ్చేస్తోంది, లేదా మధ్యలో పట్టేస్తోంది

రింగు మూతులు, అంటే రెండు కొసలు, పిస్టన్ గాడిలోని పిన్ను దగ్గర కూర్చోలేదు. పట్టేస్తుంటే బలవంతంగా లాగొద్దు, రింగు విరిగి పోర్టులో (సిలిండర్ గోడకి ఉండే రంధ్రం) ఇరుక్కుని ఉండొచ్చు. సిలిండర్ లేపి చూడాల్సిందే. లేపినప్పుడే పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉందో లేదో కూడా చూడండి.

చోక్ వేస్తే స్టార్ట్ అవుతుంది, తీస్తే ఆగిపోతుంది

ఇంకో రూపం కూడా ఉంటుంది: స్టార్ట్ అయ్యాక థ్రాటిల్ వదిలినా స్పీడు తగ్గదు, గోలగా పరుగెడుతుంది. ప్లగ్గు తీస్తే కొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. దీనికి కార్బురేటర్ మళ్లీ మళ్లీ కడుగుతారు, చివరికి కొత్తది కొంటారు. అదీ అలాగే ఆడుతుంది. ఎందుకంటే తప్పు క్రాంక్ కేస్‌లో ఉంది. గాలి లీకు.

టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింది గది, అంటే ఈ క్రాంక్ కేస్, కూడా ఒక పంపే. పిస్టన్ పైకి వెళ్తే అక్కడ వాక్యూమ్ పుట్టి, కార్బురేటర్ నుంచి పెట్రోల్, గాలి లోపలికి వస్తాయి. పిస్టన్ దిగితే అదే మిశ్రమం సిలిండర్‌లోకి ఎక్కుతుంది. ఆ గదికి ఎక్కడ సందున్నా లెక్కలో లేని గాలి కలుస్తుంది. ఫోర్ స్ట్రోక్ బైకులు చేసి అలవాటైన మెకానిక్కులు కూడా ఇక్కడ పొరపడతారు. బైకులో ఆయిల్ సీల్ పోతే ఆయిల్ కారుతుంది, కంటికి కనపడుతుంది. ఇక్కడ గాలి లోపలికి పోతుంది. ముఖ్యంగా మాగ్నెట్ వెనక సీలు లీకైతే బయటికి ఒక్క చుక్క జాడ కూడా ఉండకపోవచ్చు.

ఎలాగోలా నడుస్తోంది కదా అని చేనుకి తీసుకెళ్లారో, కొత్త పిస్టన్ పోయినట్టే. ఈ ఇంజన్‌కి ఆయిల్ పెట్రోల్‌తోనే అందుతుంది. గాలి ఎక్కువై పెట్రోల్ పల్చబడితే వేడి పెరుగుతుంది, ఆయిల్ తగ్గుతుంది. సైలెన్సర్ వైపు గీతలు పడి ఇంజన్ సీజ్ అవుతుంది.

పరీక్ష ఇలా చేయండి. సైలెన్సర్, కార్బురేటర్ విప్పి, ఆ రెండు చోట్లా పాత ట్యూబు రబ్బరు కత్తిరించి, పైన రేకు ముక్క పెట్టి బిగించండి. కార్బురేటర్ వెనకుండే ఇన్సులేటర్ దిమ్మ మాత్రం తీయకండి, లీకు దాని దగ్గరే ఉండొచ్చు. పిస్టన్‌ని పూర్తిగా కిందకి దించండి. పాత ప్లగ్గులో పింగాణీ తీసేసి సైకిల్ వాల్వు అతికిస్తే గాలి కొట్టే దారి దొరుకుతుంది. గేజి ఉన్న చేతి పంపుతో 7 పీఎస్ఐ, అంటే అర కిలో ఒత్తిడి పెట్టండి. పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం వద్దు, సీళ్లు ఎగిరిపోతాయి. ముల్లు ఒక నిమిషం కదలకపోతే బాగున్నట్టు. దిగుతుంటే అన్ని అతుకుల మీదా, మాగ్నెట్ తీసి రెండు సీళ్ల దగ్గరా సబ్బు నీళ్లు పోయండి. బుడగలే చెప్తాయి. కొందరు నడుస్తున్న ఇంజన్ మీద పెట్రోల్ చల్లి స్పీడు మారుతుందా అని చూస్తారు. పక్కనే కాలుతున్న సైలెన్సర్ ఉంటుంది, ఆ పని చేయకండి.

ఒక్కోసారి ఒత్తిడికి నిలబడ్డ సీలు వాక్యూమ్‌కి నిలబడదు. లోపలి ఒత్తిడి సీలు పెదవిని షాఫ్ట్‌కి అదుముతుంది, వాక్యూమ్ దాన్ని లేపుతుంది. కాబట్టి టెస్టు పాసై లక్షణం మారకపోతే ఇంకా అనుమానం సీలు మీదే ఉంచండి.

కొత్త సీలు ఎందుకు పోతుందంటే, షాఫ్ట్ మీద కీ (మాగ్నెట్‌ని సరైన చోట నిలిపే చిన్న ఇనుప ముక్క) గాడి అంచు కత్తిలా ఉంటుంది. సీలు దాని మీదుగా జారేటప్పుడు పెదవి తెగుతుంది. షాఫ్ట్‌కి పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆయిల్ రాసి ఎక్కించండి. స్ప్రింగు ఉన్న వైపు క్రాంక్ కేస్ లోపలికే చూడాలి. పాత సీలు మీద లోపలి, బయటి వ్యాసాలు, మందం ముద్రించి ఉంటాయి. ఆ నంబరు చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో అడగొచ్చు. కేస్ అతుకు మీద పాత ప్యాకింగ్ ముక్కలు గోటికి తగలకుండా గీకేసి, బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

తాడు వెనక్కి గుంజుతోంది, సైలెన్సర్‌లో ఢామ్మంటోంది

మాగ్నెట్ కీ తెగింది, లేదా గాడిలో కూర్చోలేదు. కీ మార్చండి.

పొగ బాగా వస్తోంది

బిగించేటప్పుడు రాసిన ఆయిల్ కాలుతోంది, కాసేపటికి తగ్గుతుంది. తగ్గకపోతే పెట్రోల్‌లో కలిపిన ఆయిల్ ఎక్కువైంది. 25:1 అంటే లీటరు పెట్రోల్‌కి 40 మి.లీ. ఆయిల్. మీ మిషన్‌కి ఎంతో దాని మీదే రాసి ఉంటుంది, బజారులో ఎవరో చెప్పింది కాదు. పోయిన సీజన్‌లో మిగిలిన పెట్రోల్ కూడా వాడొద్దు. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది.

క్రాంక్ వంగడం, సిలిండర్ పగులు, కాయిల్ లోపల తెగడం లాంటివి అరుదు. పైవన్నీ చూశాక ఆలోచించండి.

నడిచాక మొదటి ట్యాంకు మొత్తం సగం థ్రాటిల్ దాటకుండా, మధ్య మధ్యలో ఆపుతూ నడపండి. పూర్తిగా చల్లారాక సిలిండర్ బోల్టులు, సైలెన్సర్ బోల్టులు ఇంకోసారి బిగించండి.