ఇంజిన్ బిగించకముందే నంబరు అచ్చు తీయండి

పాత కారుకు ఇంజిన్ మార్చాక, ఆర్టీఓ తనిఖీలో ఇంజిన్ నంబరు కనబడక, దానికి అడ్డొచ్చే మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌కు బిగించే గొట్టాల భాగం) మళ్లీ విప్పాల్సి రావడం పెద్ద తలనొప్పి. చెన్నైలోని పాత విడిభాగాల బజారు పుదుపేటలో కొన్న ఇంజిన్‌ను బండిలోకి ఎక్కించకముందే నంబరున్న చోట థిన్నరుతో జిడ్డు తుడవండి. ఆరాక పెన్సిల్ ముక్కు ఏటవాలుగా పెట్టి గట్టిగా రుద్ది, పైన సెల్లోటేపు అంటించి లాగండి. ఆ టేపును తెల్లకాగితం మీద అతికిస్తే అచ్చు సిద్ధం. రెండు మూడు తీసిపెట్టుకోండి. బిల్లుమీద నంబరుతో అంకె అంకె సరిచూడాలి, అసలు చిక్కంతా అక్కడే వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ముందే అనుమతి తీసుకుని, మార్చిన 14 రోజుల్లోగా ఆర్సీతో తెలియజేయాలి. బీమా కంపెనీకీ చెప్పండి.

తుప్పు తిన్న నంబరుకు అచ్చు సరిగా దిగదు. దాన్ని మళ్లీ గుద్దించొద్దు, ఆ ఇంజినే కొనొద్దు.